భయానకం వేరు, బీభత్సం వేరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల సమావేశంలో మోకాళ్ళ నొప్పుల గురించి, అంతకు ముందు నెల మధుమేహం గురించి పెద్దలు మాట్లాడారు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు సినిమాల మనిషి గదా, ఏదైనా తేలికైన విషయం చెప్పండి, జనం నవ్వాలి" అన్నారు. సరేనన్నాను. తీరా ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే నాకు తట్టిన విషయం దెయ్యాల సినిమా. ఈ వయసులో దెయ్యాల సంగతేమిటని మీరనుకోవచ్చు. మన వయసుకు దెయ్యం అంటే భయం ఎందుకండీ, త్వరలో ఇరుగుపొరుగు అయ్యేవాళ్ళమే గదా! కాని మన మనవలకు, మనవరాళ్ళకు సంబంధించిన విషయం ఇది. కాబట్టి కాసేపు ఓపిక పట్టవలసిందిగా మనవి.

ముందు ఒక చిన్న దఫ్తరు ముచ్చట చెబుతాను. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో ఒకనాడు సాయంత్రం నా బల్ల మీద సీలు వేసిన కవరు ఒకటి పెట్టి, "రేపు ఆఫీసరుగారు వచ్చాక ఆయన ఎదుటే విప్పాలి" అని చెప్పి ప్యూను వెళ్ళిపోయాడు. కవరు మీద నా పేరే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. సస్పెన్షనా? ఆడిట్ అభ్యంతరమా? ఆదిలాబాదు బదిలీయా? నా సర్వీసు మొత్తం చిన్నదే, అందులో చేయదగ్గ తప్పులు కూడా తక్కువే. అయినా తెల్లవారేసరికి అన్నీ ఒప్పేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. మర్నాడు విప్పితే ఏముంది? నన్ను పక్క గదిలోని సెక్షనుకు మార్చారు. పది అడుగుల బదిలీ! అసలు కవరులో నిలిపేస్తున్నామన్న ఉత్తరువే ఉన్నా నేను ఆ రాత్రి పడ్డంత బాధ మర్నాడు పడేవాణ్ణి కాదేమో. విప్పని కవరుకు ఉన్న శక్తి విప్పిన కవరుకు లేదు. మిత్రులారా, సినిమాలో సస్పెన్సు అంటే ఆ విప్పని కవరే.

ఈ రోజుల్లో కవరు విప్పడమే గాదు, చింపి, ముక్కలు చేసి, ఆ ముక్కలు మన మొహాన విసురుతున్నారు. తల నరకడం, పేగులు తీయడం, తెర అంతా ఎర్రగా చేయడం. దీన్ని కూడా భయపెట్టడమే అంటున్నారు. కాదని నా వాదన.

వాదన నాది గాని ఆధారం చాలా పాతది. భరతముని తన నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పాడు. అందులో భయానకం ఒకటి, బీభత్సం మరొకటి. భయానకానికి మూలమైన భావం భయం. బీభత్సానికి మూలమైన భావం జుగుప్స, అంటే ఏవగింపు. రంగులు కూడా వేరు వేరుగా చెప్పాడు, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం. రెండింటినీ ఒకే గంపలో వేయలేదు. రక్తమాంసాలు చూసినప్పుడు కలిగే బీభత్సానికి క్షోభజం అని ప్రత్యేకంగా పేరు పెట్టాడు. మనం లైబ్రరీలో పుస్తకాలు సర్దినట్టు ఆ మహానుభావుడు మనసులోని భావాలను సర్దిపెట్టాడు.

దానితో పాటు ఒక నియమం కూడా పెట్టాడు. యుద్ధం, మరణం, రాజ్యభ్రంశం, నగర ముట్టడి వంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపకూడదు, పాత్రల మాటల ద్వారా తెలియజేయాలి అన్నాడు. చేతగాక కాదు. చెప్పినప్పుడు ప్రేక్షకుడు తన మనసులో బొమ్మ గీసుకుంటాడు. ఆ బొమ్మకు ఎవరి భయం వారు రంగు వేసుకుంటారు. భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుణ్ణి రంగస్థలం మీదనే చనిపోనిచ్చాడు, నిజమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇదే మాటను మన కాలంలో హిచ్‌కాక్ అనే దర్శకుడు తన పద్ధతిలో చెప్పాడు. ఫ్రెంచి దర్శకుడు త్రుఫో ఆయనతో జరిపిన సంభాషణలు 1960ల్లో పుస్తకంగా వచ్చాయి. అందులో బల్ల కింద బాంబు ఉదాహరణ ఇస్తాడు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు, ఉన్నట్టుండి బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, అంతే. అదే బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి ముందే చూపి, మాట్లాడుకునేవాళ్ళకు తెలియనివ్వకపోతే, వాళ్ళు చెప్పుకునే ఊసుపోని కబుర్లు కూడా మనకు ప్రాణసంకటంగా తోస్తాయి. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే, పసివాడు మంచం మీద ఆడుకుంటున్నాడు, మంచం కింద పాము ఉంది, తల్లి వంటింట్లో పోపు వేస్తూ పాడుకుంటోంది. పాము కరిచిందా లేదా అన్నది తర్వాతి మాట. ఆ పాట ఉన్నంతసేపూ మన ప్రాణం మన దగ్గర ఉండదు.

మన తరానికి ఈ రుచి మొదట సినిమా నేర్పలేదు, చందమామ నేర్పింది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో భేతాళ కథ చదవని వాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? చీకటి, శ్మశానం, చెట్టు, భుజాన శవం, చేత కత్తి. శంకర్ గారు గీసిన ఆ బొమ్మ చూస్తే ఇప్పటికీ చిన్నతనం గుర్తుకొస్తుంది. గమనించండి, ఆ బొమ్మలో శవం ఉంది గాని రక్తపు చుక్క లేదు. కత్తి ఉంది గాని ఎవరినీ నరకడం లేదు. ఉన్నదల్లా ఒక ప్రశ్న. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఆ మెలికే కథను దశాబ్దాల పాటు నడిపించింది. కొంచెం మీసం వచ్చాక అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను పట్టుకున్నాం. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అయ్యాక ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం సీరియల్ వచ్చింది. దఫ్తరులో వారపత్రిక ఒక్కటే, చదివేవాళ్ళం తొమ్మిది మందిమి. ఆ వారం భాగం ఎక్కడ ఆగిందో ముందుగా చెప్పినవాడికి ఆ రోజు టీ బంద్!

ఇక సినిమాల్లోకి వద్దాం. మా పాత బస్తీలో పెరిగినవాళ్ళకు తెలుగు బొమ్మ ఎంతో హిందీ బొమ్మ అంతే. ఛత్రినాక నుంచి నడుచుకుంటూ శాలిబండ వైపు పోయేవాళ్ళం. ఇంగ్లీషు బొమ్మలకైతే సికిందరాబాదు పోవాలి, అక్కడ సంగీత్, ప్లాజా, తివోలి ఉండేవి. మా పెద్దలు కమాల్ అమ్రోహీ తీసిన మహల్ గురించి చెప్పేవారు. 1949లో వచ్చిన బొమ్మ, అశోక్‌కుమార్, మధుబాల. పాడుబడ్డ భవనం, ఊగే ఉయ్యాల, లతా మంగేష్కర్ గొంతు. మనిషి కనబడదు, పాట వినబడుతుంది. 1962లో బీస్ సాల్ బాద్ వచ్చింది, 1964లో రాజ్ ఖోస్లా తీసిన వో కౌన్ థీ వచ్చింది.

వో కౌన్ థీ మొదటి దృశ్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాన రాత్రి, డాక్టరు కారు నడుపుకుంటూ వస్తున్నాడు. దారి మధ్యలో తెల్ల చీరలో సాధన నిలబడి ఉంది. ఎక్కించుకుంటాడు. కారు అద్దం తుడిచే వైపర్ ఆగిపోతుంది, అతనికి దారి కనబడదు. ఆమెకు మాత్రం కనబడుతుంది. ఆమె చేతి మీద కొంచెం రక్తం. చివరికి దిగింది శ్మశానం దగ్గర, గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. మొత్తం దృశ్యంలో రక్తం ఎంత? చేతి మీద మరక. ఆ మరక ఇప్పటి సినిమాల్లో పారే డ్రమ్ముల కొద్దీ రక్తం కన్నా ఎక్కువ కాలం నిలిచింది. ఆ కథనే 1966లో బి.ఎస్.నారాయణ గారు తెలుగులో 'ఆమె ఎవరు?' పేరుతో తీశారు, జగ్గయ్య, జయలలిత నటించారు. మరుసటి ఏడాది 1967లో ఏవీఎం వారి 'అవే కళ్ళు' వచ్చింది. తిరులోకచందర్ దర్శకత్వం, కృష్ణ, కాంచన. హంతకుడి కళ్ళు తప్ప మొహం చూపకుండా బొమ్మ నడిపించారు. సినిమా చూసి వచ్చాక వారం రోజులు బస్సులో ఎవరి కళ్ళు చూసినా అనుమానమే.

ఈ విద్యకు పెద్ద బాలశిక్ష వంటిది హిచ్‌కాక్ తీసిన సైకో, 1960. అందులో స్నానాల గది హత్య తెర మీద ముక్కాలు నిమిషం మాత్రమే. దానికి షూటింగు ఏడు రోజులు పట్టింది. డెబ్బై ఎనిమిది కోణాల్లో తీసి, యాభై రెండు కత్తిరింపులతో అతికించారు. కత్తి లేస్తుంది, నీళ్ళు పడతాయి, చేయి గోడ మీద జారుతుంది. ఒళ్ళు తెగడం చూశామని చూసినవాళ్ళంతా ఒట్టేసి చెబుతారు. నిజానికి చూపలేదు, మన బుర్రే చూసింది. రంగుల్లో రక్తం మరీ ఏవగింపుగా ఉంటుందని కూడా ఆలోచించే బొమ్మను నలుపు తెలుపులో తీశాడు. ఆ పారిన రక్తం ఏమిటో తెలుసా? చాక్లెట్ పాకం. కత్తి దిగిన చప్పుడు ఖర్బూజా పండును పొడిచి పట్టారు. పైగా ఆ ఘట్టానికి సంగీతం వద్దన్నాడట దర్శకుడు. సంగీతదర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఊరుకోక వయొలిన్ల వంటి తంత్రీవాద్యాలతోనే కీచుమనే వరస కట్టి వినిపించాడు. విన్నాక హిచ్‌కాక్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. పైఅధికారి తన నోటు తానే కొట్టివేసి కిందివాడి నోటు ఆమోదించడం ఎంత అరుదో మనకు వేరే చెప్పాలా?

1975లో స్పీల్‌బర్గ్ తీసిన జాస్ సంగతి ఇంకా తమాషా. సొరచేప కోసం యంత్రం తయారు చేయించుకున్నారు. ఉప్పునీళ్ళలో దింపితే అది మాటిమాటికీ మొరాయించింది. గత్యంతరం లేక చేప కనబడకుండానే చాలా భాగం తీశారు. కదిలే నీళ్ళు, జాన్ విలియమ్స్ కట్టిన రెండు స్వరాల సంగీతం. యంత్రం సవ్యంగా పనిచేసి ఉంటే బహుశా అది మామూలు చేప బొమ్మ అయ్యేది. మరమ్మతు కాని యంత్రం వల్ల గొప్ప సినిమా పుట్టింది.

మరి ఈ రక్తపు వ్యాపారం ఎక్కడిది? ఇదీ కొత్తది కాదు. పారిస్ నగరంలో గ్రాండ్ గిన్యోల్ అనే నాటకశాల 1897లో తెరిచారు. కళ్ళు పొడవడం, గొంతు కోయడం రంగస్థలం మీద చేసి చూపించడమే అక్కడ ప్రత్యేకత. 1962లో మూతపడింది. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన జనానికి ఇక ఆ నకిలీ రక్తం ఏం ఆనుతుంది? అయితే మరుసటి ఏడాదే, 1963లో, అమెరికాలో హెర్షెల్ గోర్డన్ లూయిస్ అనే ఆయన 'బ్లడ్ ఫీస్ట్' తీశాడు. రక్తం చూపడం కోసమే తీసిన తొలి బొమ్మగా దాన్ని చెబుతారు. 1981లో శామ్ రైమి అనే కుర్రవాడు కొద్దిపాటి డబ్బుతో 'ఈవిల్ డెడ్' తీశాడు. అది మన ఊరికి వచ్చినప్పుడు హాల్లో ఒంటరిగా కూర్చుని చూస్తే బహుమతి ఇస్తారట అని దఫ్తరులో చెప్పుకునేవాళ్ళం. ఇచ్చినవాడూ లేడు, పుచ్చుకున్నవాడూ లేడు. హిందీలో రామ్సే సోదరులు 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే'తో మొదలుపెట్టి, 1984లో 'పురానా మందిర్', 1988లో 'వీరానా' వరకు ఒక పరిశ్రమే నడిపారు. అన్నదమ్ములంతా కలిసి, ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు దర్శకత్వం. ఉమ్మడి కుటుంబం అంటే అదీ!

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎనభైల్లో ఒక సెలవునాడు అటువంటి హిందీ దెయ్యాల బొమ్మకు వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి ఒక్కణ్ణే వెళ్ళక, ఏడేళ్ళ మా అబ్బాయిని వెంట తీసుకుపోయాను. పెద్దలకు మాత్రమే అని రాసి ఉంది. గేటు దగ్గర ఎవరూ అడగలేదు, నేనూ చదవనట్టే నటించాను. ముప్పై ఏళ్ళు రూల్సు పుస్తకం తిరగేసిన గుమాస్తాను! మధ్యలో వాడు నా చొక్కా పట్టుకుని మొహం దాచుకున్నాడు. నేను నవ్వి, "అరే, చూడు, అదంతా రంగు నీళ్ళు" అన్నాను. ఆ రాత్రి వాడికి జ్వరం. నెల రోజులు దీపం ఆర్పనివ్వలేదు. మా ఇంటావిడ నన్ను ఒక్క మాటే అన్నది: "వాడు కళ్ళు మూసుకుంటే మీరు ఎందుకు తెరిపించారు?" నలభై ఏళ్ళు గడిచాయి. జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నాను. అందుకే ఈ విషయం ఎన్నుకున్నాను.

భయానకాన్ని మనవాళ్ళు ఎంత బాగా తీయగలరో కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వంశీ గారి అన్వేషణ, 1985. తలకోన అడవి, ఇళయరాజా సంగీతం, ఎవరు చంపుతున్నారో తెలియని హత్యలు. ఆకుల చప్పుడుతోనే వెన్ను జలదరిస్తుంది. రాంగోపాల్ వర్మ గారు 1992లో రేవతితో రాత్రి తీశారు. కారు కింద పడి చచ్చిన పిల్లి పిల్లను పూడ్చిపెడతారు. తర్వాత పిల్లి ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. అంతే, పిల్లి! దానికేం కొమ్ములు లేవు. 1996లో దెయ్యం, 2003లో హిందీలో భూత్. ఆ భూత్‌లో పాటలు లేవు, కోట లేదు, శ్మశానం లేదు. మనుషులు కాపురం ఉండే అపార్ట్‌మెంటు, పైకీ కిందికీ తిరిగే లిఫ్టు. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం మణిచిత్రతాళ్‌ను ఆధారం చేసుకుని 2005లో వచ్చిన చంద్రముఖి మన ఇళ్ళలో పిల్లాజెల్లా అందరూ కలిసి చూశారు. అందులో అసలు దెయ్యమే లేదు, ఉన్నది ఒక రోగి మనసు, ఒక తాళం వేసిన గది.

2009 నాటి కోడి రామకృష్ణ గారి అరుంధతిలో రెండూ ఉన్నాయి. భయానకమూ ఉంది, బీభత్సమూ ఉంది. గోరీలో బతికుండగా సమాధి చేసిన పశుపతి రూపం బీభత్సం. కాని జనం ఇళ్ళకు తీసుకుపోయింది ఆ రూపాన్ని కాదు, ఆ గొంతును. సోనూ సూద్ పాత్రకు రవిశంకర్ గారు చెప్పిన డబ్బింగు అది. పిల్లలు వీధుల్లో ఆ పిలుపునే అనుకరించారు. 2022లో వచ్చిన మసూద కూడా చూశాను. మన హైదరాబాదు ఫ్లాటు, పక్కింట్లో తల్లీ కూతుళ్ళు. పక్కింటి తలుపు తట్టాలంటే భయం పుట్టించాడు దర్శకుడు. 2023లో విరూపాక్ష వచ్చింది. విద్య పోలేదు, ఉంది.

ఇక సినిమా పక్కన పెట్టి ఒక నిజం చెబుతాను. 1990 డిసెంబరులో మన నగరంలో అల్లర్లు జరిగి కర్ఫ్యూ పెట్టిన రోజులు పాత బస్తీవారెవరూ మరచిపోలేరు. మా గల్లీలో మగవాళ్ళం వంతులవారీగా మిద్దెల మీద కాపలా ఉండేవాళ్ళం. ఒక రాత్రి కరెంటు పోయింది. దూరం నుంచి చప్పుడు. టంగ్... కాసేపు ఆగి, మళ్ళీ టంగ్. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు. ఎవరో గేటు పగలగొడుతున్నారన్నారు ఒకరు. ఎవరో సైగ చేస్తున్నారన్నారు ఇంకొకరు. కర్రలు పట్టుకుని అరగంట నిలబడ్డాం. ఆ అరగంటలో మేము మనసులో చూసిన దృశ్యాలు ఏ దర్శకుడూ తీయలేదు, తీయలేడు కూడా. వెలుతురు వచ్చాక తెలిసింది. వెనక దొడ్డిలో కట్టేసిన గేదె, ఖాళీ ఇనుప తొట్టిని తలతో కొడుతోంది. దాని యజమాని రోడ్డుకు అవతలివైపు ఉంటాడు. కర్ఫ్యూ దాటి రెండు రోజులుగా మేత వేయడానికి రాలేకపోయాడు. మేమంతా సిగ్గుపడి, ఎవరింట్లో ఉన్న తవుడు, కూరగాయల తొక్కు వాళ్ళు తెచ్చి వేశాం.

కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో పాల కోసం వెళితే, మలుపు దగ్గర రోడ్డు మీద ఇసుక పోసి ఉంది. ఇసుక ఎందుకు పోస్తారో అందరికీ తెలుసు. పక్కన గోడకు ఆనించిన సైకిలు, హాండిలుకు వేలాడుతున్న కూరగాయల సంచి. నాలుగు రోజుల పాటు ఆ సైకిలు అక్కడే ఉంది. కూరలు వాడి, నల్లబడ్డాయి. అయిదో రోజు లేదు. అది ఎవరిదో, ఆ మనిషి ఇంటికి చేరాడో లేదో, ఏ మతంవాడో మాకు ఈనాటికీ తెలియదు. ముప్పై అయిదేళ్ళుగా ఆ సంచి నా కళ్ళ ముందు ఉంది. ఇసుక కింద ఉన్నది నేను చూడలేదు. చూసి ఉంటే మరచిపోయేవాణ్ణేమో.

ఈ మధ్య సెలవులకు మా మనవడు వచ్చాడు, పదమూడేళ్ళు. అన్నం తింటూ ఫోనులో ఏదో బొమ్మ చూస్తున్నాడు. తొంగి చూస్తే తలలు ఎగిరిపడుతున్నాయి. "భయం వేయడం లేదా నాయనా?" అంటే, "గ్రాఫిక్స్ తాతా, భయమెందుకు?" అని పప్పు వేయించుకున్నాడు. ఆ సాయంత్రమే వాళ్ళ నానమ్మ కత్తిపీట మీద వేలు కోసుకుంది. గట్టిగానే తెగింది. గుడ్డ తెమ్మంటే వాడు కదలలేదు. మొహం తెల్లబోయి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ముందు ఆవిడకు కట్టు కట్టాలా, వీడికి నీళ్ళు చల్లాలా తెలియలేదు నాకు. అప్పుడు అర్థమయింది. వంద తలలు తెగడం చూసినా వాడు రక్తాన్ని ఎరగడు. రక్తం వెనక ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషికి నొప్పి ఉంటుందని ఆ ఫోను వాడికి చెప్పలేదు. గుండె రాయి అవుతుందని మనం భయపడుతున్నాం. వాడి గుండె మెత్తగానే ఉంది, కాని ఆ మెత్తని గుండెను ఏం చేసుకోవాలో ఎవరూ నేర్పలేదు.

రెండు రోజుల తర్వాత వాడే అడిగాడు, "తాతా, నిజంగా భయం వేసే సినిమా ఏది?" అని. టీవీలో వో కౌన్ థీ పెట్టాను. నలుపు తెలుపు అని మొదట మూతి విరిచాడు. వైపర్ ఆగగానే ఫోను పక్కన పెట్టాడు. గేటు తెరుచుకునేసరికి నా దగ్గరకు జరిగాడు. ఈసారి నేను కళ్ళు తెరిపించలేదు, చేయి పట్టుకున్నాను. రాత్రి నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళడానికి నానమ్మను తోడు పిలిచాడు. ఆవిడ కట్టు కట్టిన వేలితోనే దీపం వేసి, "మీ తాతకు ఇంకా బుద్ధి రాలేదు" అంది. వాడు మాత్రం మర్నాడు, "ఇంకోటి ఉందా తాతా?" అన్నాడు.

ఎదుటి పక్షం మాట కూడా వినాలి. బీభత్సం కూడా రసమే గదా, పైగా భరతుడు బీభత్సం నుంచే భయానకం పుడుతుందన్నాడు గదా అని మీరు అడగవచ్చు. నిజమే. తిక్కనగారి భారతంలో స్త్రీపర్వం చూడండి. యుద్ధం ముగిశాక గాంధారి రణభూమికి వస్తుంది. నక్కలు, గద్దలు, తెగిన అవయవాలు. అంతకన్నా బీభత్సం ఎక్కడుంది? కాని ఆ శవాల మధ్య తిరిగేది తల్లులు, భార్యలు. ప్రతి శవానికీ ఒక పేరు, ఏడ్చే ఒక మనిషి ఉన్నారు. ఊరుభంగంలో తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడి ఒడిలో కూర్చోవాలని చిన్న కొడుకు వస్తాడు. ఆ విరిగిన తొడలు అప్పుడు మనకు ఏవగింపు కలిగించవు, కడుపులో దేవినట్టు చేస్తాయి. కనుక నా కొలత ఒక్కటే. రక్తం చూపాడా, చూపనివ్వండి. ఆ రక్తం కోసం ఏడ్చే మనిషిని కూడా చూపాడా? చూపితే అది కావ్యం. చూపకపోతే అది కసాయి దుకాణం, అక్కడ కూడా పరదా కడతారు.

ఇప్పుడు ఈ రక్తం దెయ్యాల సినిమాల్లోంచి హీరోల సినిమాల్లోకి మారింది. 2023 నాటి యానిమల్, 2024 నాటి మలయాళ చిత్రం మార్కో, 2025లో వచ్చిన హిట్ మూడో భాగం, వీటిలో ఏదీ దెయ్యాల బొమ్మ కాదు. మూడూ 'ఎ' సర్టిఫికెట్టు బొమ్మలే. వెనుక దెయ్యం నరికేది, మనం దానికి భయపడేవాళ్ళం. ఇప్పుడు హీరో నరుకుతుంటే పిల్లలు ఈలలు వేస్తున్నారు. ఈ తేడా మాత్రం నాకు కొంచెం భయంగానే ఉంది.

చివరగా మన చేతిలో ఉన్న పని. సర్టిఫికెట్టు చదవండి. 1983కు ముందు యు, ఎ రెండే ఉండేవి, ఆ ఏడాది యు/ఎ వచ్చింది. 2023లో చట్టం సవరించి యు/ఎను ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడుగా విడదీశారు. ఇంట్లో ఫోనులో, టీవీలో వచ్చే ఓటీటీ బొమ్మలకు కూడా 2021 నిబంధనల ప్రకారం వయసు గుర్తు వేయాలి, తాళం వేసుకునే సదుపాయమూ ఉంటుంది. ఆ తాళం వేయడం మనకు రాదు, మనవడినే అడగాలి, అదొక చిక్కు! అందుకని తాళం కన్నా మంచిది పక్కన కూర్చోవడం. మనకు తీరిక ఉంది, డి.ఎ. బకాయిల కోసం ఎదురుచూడడం తప్ప వేరే సస్పెన్సు లేదు. పిల్లవాడు కళ్ళు మూసుకుంటే మూసుకోనివ్వండి. చేయి మాత్రం అందనివ్వండి.

కార్యదర్శిగారు బల్ల మీద పెట్టిన ఆ మూసిన పెట్టెలో మిర్చి బజ్జీలున్నాయో, మైసూరుపాకులున్నాయో అన్న ఉత్కంఠను ఇక పొడిగించకుండా సెలవు తీసుకుంటున్నాను.